'కూడా' దేనికి అంటుకుందో చూడండి: ఆల్సో, టూ, యాజ్ వెల్, బిసైడ్స్, ప్లస్ వాడే తీరు

చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయే దారిలో నాది జిరాక్స్, డీటీపీ షాపు. రెజ్యూమేలు, సెలవు చీటీలు, అద్దె అగ్రిమెంట్లు, ఆర్టీఐ దరఖాస్తులు, అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే పిల్లల వ్యాసాలు, అన్నీ నా కీబోర్డు మీదుగానే పోతాయి. పేజీకి ఇంత అని టైపు చేసి ఇచ్చేస్తే నా పని అయిపోయినట్టే. కానీ ఎంఏ ఇంగ్లిష్ చదివి ఈ కొట్టు పెట్టుకున్నదాన్ని, కళ్ళు మూసుకుని కొట్టడం నా వల్ల కాదు. "అక్కా, ఉన్నదున్నట్టు కొట్టు, టైమ్ లేదు" అనే వాళ్ళను కూడా ఒకటి రెండు చోట్ల ఆపి అడుగుతాను. వాళ్ళు పెద్ద పెద్ద మాటల దగ్గర తడబడరు. డిక్షనరీ చూసి రాసుకొస్తారు కదా, అవి బాగానే ఉంటాయి. చిక్కంతా ఒకదానికి ఇంకొకటి కలిపే చిన్న మాటల దగ్గరే. ఆల్సో, టూ, యాజ్ వెల్, బిసైడ్స్, ఇన్ అడిషన్, మోరోవర్, ప్లస్. అన్నిటికీ అర్థం 'కూడా'నో 'అంతే కాకుండా'నో అని బట్టీ పట్టి, ఏది ముందు గుర్తొస్తే అది వేసేస్తారు.

నేను వాళ్ళకి చెప్పే పద్ధతి ఒక్కటే. ఇంగ్లిష్ మాట వెతికే ముందు వాక్యం తెలుగులో అనుకోండి. 'కూడా' ఏ మాట పక్కన కూర్చుందో చూడండి. కలుపుతున్నది దేనికి, కలిపింది లోపల ఉందా బయట ఉందా, ఈ కాగితం చదివేది ఎవరు, ఈ మూడూ తేలితే సరైన ఇంగ్లిష్ మాట దానంతటదే వస్తుంది.

'కూడా' ఒక మాటకి అంటుకుంటుంది, 'ఆల్సో' అలా కాదు

ఈ మూడు వాక్యాలు చూడండి. 'రమేశ్ కూడా హిందీ నేర్పుతాడు.' 'రమేశ్ హిందీ కూడా నేర్పుతాడు.' 'రమేశ్ హిందీ నేర్పుతాడు కూడా.' మొదటి దాంట్లో వేరే ఎవరో నేర్పుతున్నారు, రమేశ్ వాళ్ళతో చేరాడు. రెండో దాంట్లో రమేశ్ వేరే ఏదో నేర్పుతున్నాడు, హిందీ దాంతో చేరింది. మూడో దాంట్లో హిందీ మాట్లాడటమో చదవటమో వచ్చు, నేర్పడం దానికి చేరింది. మనకి ఎక్కడా గందరగోళం లేదు.

ఇంగ్లిష్‌లో ఈ మూడూ 'రమేశ్ ఆల్సో టీచెస్ హిందీ' అనే ఒకే వాక్యంలోకి దూరిపోతాయి. మాట్లాడేటప్పుడు ఏ మాట నొక్కి పలికితే దానికి 'కూడా' అంటుకుంటుంది కాబట్టి నడిచిపోతుంది. కాగితం మీద నొక్కు కనపడదు. అందుకే రాతలో కొంచెం దారి మార్చాలి. మొదటి అర్థానికి 'సరిత టీచెస్ హిందీ, అండ్ సో డజ్ రమేశ్' అంటే తిరుగులేదు. 'రమేశ్, టూ, టీచెస్ హిందీ' అని పేరు పక్కనే టూ పెట్టినా తప్పు లేదు, కాస్త పుస్తకాల భాషలా ఉంటుంది, అంతే. రెండో అర్థానికి 'రమేశ్ టీచెస్ బోత్ తెలుగు అండ్ హిందీ' అని రెండు పేర్లూ చెప్పేయండి. మూడో దానికి 'రమేశ్ నాట్ ఓన్లీ స్పీక్స్ హిందీ బట్ ఆల్సో టీచెస్ ఇట్.' ఇక్కడ నాట్ ఓన్లీ క్రియ ముందు ఉంది, బట్ ఆల్సో కూడా క్రియ ముందే ఉంది. రెండూ ఒకే రకం మాటల ముందు నిలబడాలి. 'నాట్ ఓన్లీ స్పీక్స్ హిందీ బట్ ఆల్సో ఉర్దూ' అని రాసుకొస్తారు. మాట్లాడితే పర్లేదు, రెజ్యూమేలో మాత్రం 'స్పీక్స్ నాట్ ఓన్లీ హిందీ బట్ ఆల్సో ఉర్దూ' అని జరపండి.

ఆల్సో కూర్చునే చోటు గురించి: మామూలు క్రియ అయితే దాని ముందు, 'ఐ ఆల్సో నో టాలీ'. యామ్, ఈజ్, ఆర్ లాంటివి అసలు క్రియగా ఉంటే వాటి తర్వాత, 'ఐ యామ్ ఆల్సో ఎ సర్టిఫైడ్ టైపిస్ట్'. హ్యావ్, విల్, కెన్ లాంటి సాయం క్రియ ఉంటే దానికీ అసలు క్రియకీ మధ్య, 'ఐ హ్యావ్ ఆల్సో వర్క్‌డ్ ఇన్ వరంగల్'. వాక్యం చివర 'కూడా' అనాలంటే టూ గానీ యాజ్ వెల్ గానీ వేసుకోండి. మనవాళ్ళు 'ఐ నో టాలీ ఆల్సో' అంటారు. హైదరాబాద్‌లో ఎవరికైనా అర్థమవుతుంది, నేను కూడా నోటితో అంటాను. ఉద్యోగానికి పంపే కాగితం మీద మాత్రం దాన్ని ముందుకి లాగుతాను.

టూ, యాజ్ వెల్ రెండూ దాదాపు ఒకటే. మాటల్లో, వాట్సాప్‌లో టూ. ఉత్తరంలో యాజ్ వెల్ కొంచెం నిండుగా ఉంటుంది. రెండిటినీ ఆల్సోతో జోడించకండి. 'ఐ ఆల్సో నో టాలీ యాజ్ వెల్' అంటే 'నాకు కూడా టాలీ కూడా వచ్చు' అన్నట్టు.

లేదు, కాదు, రాదు వచ్చినప్పుడు

'నాకు కూడా తెలియదు.' ఇక్కడ తెలుగు 'కూడా' కదలకుండా అక్కడే ఉంది. ఇంగ్లిష్‌లో మాత్రం నాట్ వచ్చిందంటే టూ వెళ్ళిపోయి ఐదర్ రావాలి. 'ఐ డోంట్ నో ఐదర్.' ఎవరో 'ఐ డోంట్ లైక్ కాఫీ' అంటే మీరు 'మీ టూ' అనకూడదు, 'మీ నైదర్' అనాలి. కొంచెం మర్యాదగా అనాలంటే 'నైదర్ డు ఐ'.

ఇంతకంటే లోతైన పొరపాటు ఇంకోటి ఉంది. 'నా దగ్గర ఒక్క రూపాయి కూడా లేదు.' దీన్ని 'వన్ రుపీ ఆల్సో ఐ డోంట్ హ్యావ్' అని రాస్తారు. ఫీజు మాఫీ కోసం ప్రిన్సిపాల్‌కి రాసే దరఖాస్తుల్లో ఇది తరచు కనిపిస్తుంది. ఈ 'కూడా' దేనికీ దేన్నీ కలపడం లేదు. ఇది 'కనీసం', 'సైతం' అనే కూడా. దానికి ఇంగ్లిష్‌లో వేరే మాట ఉంది, ఈవెన్. 'ఐ డోంట్ హ్యావ్ ఈవెన్ ఎ సింగిల్ రుపీ.' పరీక్ష ఏమిటంటే, తెలుగులో 'కూడా' తీసి 'సైతం' పెట్టి చూడండి. 'ఒక్క రూపాయి సైతం లేదు' బాగానే ఉంది, కాబట్టి ఈవెన్. 'కలెక్టరు కూడా వచ్చాడు' రెండు రకాలుగానూ ఉంటుంది. నలుగురితో పాటు వచ్చాడు అంటే ఆల్సో, వస్తాడని ఎవరూ అనుకోలేదు అంటే ఈవెన్. ఏది చెప్పాలో మీ ఇష్టం, కానీ రెండిటికీ ఒకే మాట వేయకండి.

టూ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. గుణం చెప్పే మాట ముందు టూ వస్తే అది 'కూడా' కాదు, 'మరీ ఎక్కువ' అని. 'టూ సాల్టీ' అంటే తినలేనంత ఉప్పు. మన ఊళ్ళో సినిమా చూసొచ్చి 'టూ గుడ్ రా' అంటే మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలు స్నేహితుల దగ్గర ఉంచుకోండి. 'యువర్ కంపెనీ ఈజ్ టూ బిగ్' అని కవర్ లెటర్‌లో పెడితే, మీ కంపెనీ నాకు మరీ పెద్దదైపోయింది, నాకొద్దు అన్నట్టు ఉంటుంది.

యాజ్ వెల్ యాజ్: బరువు ఎటు ఉందో

యాజ్ వెల్ యాజ్ అంటే అండ్‌కి పెద్దన్న అనుకుంటారు. కాదు. అండ్ రెండు వైపులా సమానంగా తూస్తుంది. యాజ్ వెల్ యాజ్‌లో బరువంతా ముందు మాట మీద ఉంటుంది, వెనక మాట మీకు ముందే తెలిసిన సంగతి. 'షి స్పీక్స్ మరాఠీ యాజ్ వెల్ యాజ్ తెలుగు' అంటే తెలుగు సరే, ఎలాగూ వచ్చు, మరాఠీ కూడా వచ్చు సుమా అని. రెజ్యూమేలో 'తెలుగు యాజ్ వెల్ యాజ్ జర్మన్' అని రాసిన అబ్బాయికి నేను తిప్పి రాయించాను. జర్మన్ నేర్చుకోవడానికి అంత కష్టపడి, అది మామూలే, తెలుగు గొప్ప అన్నట్టు ఉంటే ఎలా?

ఇంకో తేడా క్రియ దగ్గర. 'ద సూపరింటెండెంట్ అండ్ ద క్లర్క్స్ ఆర్ ఆన్ లీవ్.' అందరూ కలిసి బహువచనం, కాబట్టి ఆర్. 'ద సూపరింటెండెంట్, యాజ్ వెల్ యాజ్ ద క్లర్క్స్, ఈజ్ ఆన్ లీవ్.' ఇక్కడ కర్త సూపరింటెండెంట్ ఒక్కడే, క్లర్కులు పక్కన కామాల మధ్య నిలబడ్డారు. అలాంగ్ విత్, టుగెదర్ విత్, ఇన్ అడిషన్ టు, వీటన్నిటికీ ఇదే లెక్క. పోటీ పరీక్షల్లో తప్పు పట్టమని ఇచ్చే వాక్యాల్లో ఇది పాత కాపు. రెండు కామాల మధ్య ఉన్నదాన్ని వేలితో మూసి చదవండి, మిగిలినదాన్ని బట్టి క్రియ వేయండి.

యాజ్ వెల్ యాజ్ గానీ ఇన్ అడిషన్ టు గానీ వాక్యం మొదట్లో పెట్టి తర్వాత పని చెప్పాలంటే ఆ పనికి 'ఇంగ్' తోక ఉండాలి. 'ఇన్ అడిషన్ టు టీచ్ మ్యాథ్స్' కాదు, 'ఇన్ అడిషన్ టు టీచింగ్ మ్యాథ్స్'. టు చూడగానే వేలు టీచ్ వైపు పోతుంది. ఈ టు ఆ టు కాదు.

బిసైడ్, బిసైడ్స్, ఎక్సెప్ట్

ఒక్క ఎస్ తేడా. బిసైడ్ అంటే పక్కన. 'ద షాప్ ఈజ్ బిసైడ్ ద లైబ్రరీ.' బిసైడ్స్ అంటే అది కాక, పైగా. 'బిసైడ్స్ ద లైబ్రరీ' అని అడ్రసులో రాస్తే లైబ్రరీ కాక ఇంకా ఏవేవో ఉన్నాయి అని అర్థం వస్తుంది. కొరియర్ అబ్బాయి ఎలాగోలా కనుక్కుంటాడనుకోండి.

బిసైడ్స్‌కి ఎక్సెప్ట్‌కి తేడా మాత్రం కొరియర్ అబ్బాయి సర్దలేడు. 'బిసైడ్స్ అనిత, ఫోర్ స్టూడెంట్స్ పాస్డ్' అంటే అనిత పాసైంది, ఆమె కాక ఇంకో నలుగురు, మొత్తం అయిదుగురు. 'ఎక్సెప్ట్ అనిత, ఎవ్రీవన్ పాస్డ్' అంటే పాపం అనిత ఒక్కతే తప్పింది. ఇబ్బంది ఎక్కడంటే తెలుగులో 'తప్ప', 'కాక', 'మినహా' మాటల్ని మనం తొందరలో కలిపేస్తాం. అపార్ట్ ఫ్రమ్ ఇంకా జిత్తులమారిది, రెండు అర్థాలకీ పనికొస్తుంది. 'అపార్ట్ ఫ్రమ్ అనిత' అని చదివితే అనిత లోపలుందో బయటుందో మిగతా వాక్యం చూసి తేల్చుకోవాలి. అందుకే అఫిడవిట్‌లో, ఫిర్యాదులో, డబ్బు ఉన్న ఏ కాగితంలోనైనా అపార్ట్ ఫ్రమ్ కనపడితే నేను తీసేసి, ఇన్ అడిషన్ టు పెట్టాలా ఎక్సెప్ట్ పెట్టాలా అని అడుగుతాను.

బిసైడ్స్ వాక్యం మొదట్లో ఒంటరిగా వస్తే అది మన 'పైగా'. 'రాత్రయింది, ఇప్పుడు మియాపూర్ రాలేను. పైగా లాస్ట్ మెట్రో కూడా వెళ్ళిపోయింది.' ఈ పైగాలో ఒక వాదన ఉంటుంది, ఎదుటివాడి నోరు మూయించే చివరి కారణం ఉంటుంది. బిసైడ్స్‌లోనూ అదే రుచి. అందుకే సెలవు చీటీలో 'ఐ హ్యావ్ ఫీవర్. బిసైడ్స్, మై సిస్టర్స్ మ్యారేజ్ ఈజ్ ఆల్సో దేర్' అని రాస్తే, చదివే ఆఫీసరుకి వీడు సాకులు పేరుస్తున్నాడు అనిపిస్తుంది. రెండు కారణాలూ నిజమే అయినా సరే. ఒక్క కారణం రాయండి, సెలవు వస్తుంది.

డబ్బు ఉన్న వాక్యం

మిగతా చోట్ల తప్పు రాస్తే నవ్వుకుంటారు. ఇక్కడ తప్పు రాస్తే జేబుకి చిల్లు. అందుకే ఈ ముక్క మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

అద్దె అగ్రిమెంటు టైపు చేయించుకోవడానికి ఓనరు, కిరాయిదారు ఇద్దరూ కలిసి వస్తే నాకు సంతోషం. ఒక్కరే వస్తే భయం. ఒకసారి బాగ్ లింగంపల్లి నుంచి ఒకాయన పాత అగ్రిమెంటు పట్టుకొచ్చి, తేదీలు మార్చి కొట్టమన్నారు. అందులో అద్దె వాక్యం ఇలా ఉంది: 'మంత్లీ రెంట్ ఈజ్ రుపీస్ 14,000 విత్ మెయింటెనెన్స్ రుపీస్ 1,500.' నేను టైపు ఆపి, "సార్, మీరు నెలనెలా కట్టేది ఎంత?" అన్నాను. "పద్నాలుగే" అన్నారు. ఫోన్‌లో ఓనరమ్మని అడిగితే "పదిహేనున్నర కదండీ" అంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. విత్ అనే మాట రెండు వైపులా తలూపుతుంది. మెయింటెనెన్స్ 14,000 లోపలే ఉంటే 'ఇన్‌క్లూడింగ్' అని ఉండాలి. బయట ఉంటే 'ఇన్ అడిషన్ టు' గానీ 'ప్లస్' గానీ ఉండాలి. చివరికి ఇద్దరూ ఫోన్‌లోనే ఒక మాటకొచ్చాక ఇలా కొట్టాను: 'రెంట్ రుపీస్ 14,000. మెయింటెనెన్స్ రుపీస్ 1,500, పేయబుల్ ఇన్ అడిషన్ టు ద రెంట్. టోటల్ రుపీస్ 15,500 పర్ మంత్.' టోటల్ వేశాక ఇక మాటల తగాదా లేదు. డబ్బు ఉన్న ఏ వాక్యానికైనా నా సలహా ఇదే, మొత్తం అంకె కూడా రాసేయండి.

కోచింగ్ సెంటర్ల కరపత్రాలు ఇలాగే చదవాలి. 'ఫీ రుపీస్ 30,000 ప్లస్ జీఎస్టీ' అంటే 18 శాతం జీఎస్టీ కలిసి మీరు కట్టేది 35,400. 'ఇన్‌క్లూజివ్ ఆఫ్ జీఎస్టీ' అంటే 30,000తో సరి. 'జీఎస్టీ ఎక్స్‌ట్రా' అన్నా ప్లస్ అన్నా ఒకటే. 'ఎక్స్‌క్లూజివ్ ఆఫ్' అన్నా అంతే, పన్ను బయట ఉంది. అది చూసి పన్ను లేదేమో అనుకునే వాళ్ళున్నారు. పన్ను ఎక్కడికీ పోలేదు, గుమ్మం బయట నిలబడి ఉంది.

పోస్టుల లెక్క కూడా ఇంతే. తెలంగాణ గ్రూప్-1కి 2022లో వచ్చిన నోటిఫికేషన్ 503 పోస్టులది. తర్వాత ఇంకో 60 పోస్టులు మంజూరయ్యాయి. పాత నోటిఫికేషన్ రద్దు చేసి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకి కొత్తది ఇచ్చారు. దీన్ని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే '563 పోస్ట్స్, ఇన్‌క్లూడింగ్ 60 న్యూ వన్స్' అనాలి. '563 పోస్ట్స్ ఇన్ అడిషన్ టు 60' అన్నారో, 623 అయిపోతాయి. అలా అయితే బాగుండేదని అశోక్‌నగర్‌లో ఎవరిని అడిగినా అంటారు.

లీగల్ కాగితాల్లో 'ఓవర్ అండ్ అబవ్' అని కనిపిస్తుంది. 'ఓవర్ అండ్ అబవ్ ద అడ్వాన్స్' అంటే అడ్వాన్సుని ముట్టుకోకుండా, దాని పైన ఇంకా. ఈ మాట చూస్తే నా కళ్ళు అంకెల మీదికి పోతాయి, మీవీ పోవాలి.

ప్లస్ పాతకాలపు మాట. లాటిన్‌లో దానికి అర్థం 'ఎక్కువ'. గుర్తు మాత్రం అచ్చులో మొదట కనిపించింది 1489లో, జర్మనీలోని లీప్జిగ్‌లో వచ్చిన ఒక వ్యాపార లెక్కల పుస్తకంలో. అంటే పుట్టుకే కొట్టు లెక్కల్లో. ఇప్పటికీ దానికి అంకెల మధ్యే బాగా నప్పుతుంది. వాక్యాల మధ్య 'ప్లస్, ఐ నో ఎక్సెల్' అని వేస్తే అది కబుర్ల భాష. ఇంటర్వ్యూలో నోటితో అంటే అనండి, కాగితం మీద ఇన్ అడిషన్ అనండి.

వ్యాసంలో వేసేవి: మోరోవర్, ఫర్దర్‌మోర్ వగైరా

గ్రూప్-1 మెయిన్స్‌కి వ్యాసాలు రాసే పిల్లలు నా దగ్గర ప్రింట్లు తీసుకుంటారు. ఒక్కో పేరా మోరోవర్‌తో మొదలై, తర్వాతది ఫర్దర్‌మోర్, తర్వాతది అడిషనల్లీ, తర్వాతది ఇన్ అడిషన్. ఎవరో ఒక లిస్టు ఇచ్చి ఉంటారు, వరసగా వాడుకుంటూ పోతారు. నా అభిప్రాయంలో వీటిలో సగం కొట్టేసినా వ్యాసానికి ఏ నష్టమూ రాదు, చదివేవాడికి ఊపిరాడుతుంది.

ఉంచుకునే వాటికి తేడా ఇదీ. ఇన్ అడిషన్ మెత్తనిది, ఇంకో విషయం చెబుతున్నాను అని మాత్రమే. అడిషనల్లీ కూడా అదే, కొంచెం ఆఫీసు వాసన. మోరోవర్ అలా కాదు. ముందు చెప్పిన వాదనకే బలం చేకూర్చే మరో కారణం, వీలైతే మొదటిదానికంటే గట్టిది, దాని తర్వాత రావాలి. 'మూసీ నీరు కలుషితమైంది. మోరోవర్, ఆ నీటితో పండించిన ఆకుకూరలు నగరంలోనే అమ్ముడవుతున్నాయి.' ఇక్కడ రెండో వాక్యం మొదటిదాన్ని ముందుకి తోసింది. 'మూసీ నీరు కలుషితమైంది. మోరోవర్, హుస్సేన్‌సాగర్‌ను 16వ శతాబ్దంలో తవ్వారు' అంటే తోయడం లేదు, పక్కదారి పట్టింది. అక్కడ మోరోవర్ అబద్ధం. ఫర్దర్‌మోర్ మోరోవర్‌కి తమ్ముడే, ఒకసారి మోరోవర్ వాడేసి మూడో కారణం చెప్పాల్సి వస్తే దాన్ని పిలవండి.

ఆన్ టాప్ ఆఫ్ దట్ అనేది మన 'దానికి తోడు', ఎక్కువగా కష్టం మీద కష్టం వచ్చినప్పుడు. గోరుచుట్టు మీద రోకటి పోటు అనే చోట అది సరిగ్గా సరిపోతుంది. పరీక్ష పేపర్లో కంటే స్నేహితుడికి రాసే మెయిల్లో బాగుంటుంది. సిమిలర్లీ, లైక్‌వైజ్ అనేవి కలపవు, పోల్చుతాయి. 'లైక్‌వైజ్' వేశారంటే ముందు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ పోలిక కనపడాలి.

ఆఫీసు ఉత్తరాల్లో 'ఫర్దర్ టు యువర్ లెటర్ డేటెడ్...' అని ఉంటుంది. మీ ఉత్తరానికి కొనసాగింపుగా అని అర్థం. ఆ వాడుక బాగుంది, ఉంచండి.

ఎక్స్‌ట్రా, అడిషనల్, మోర్, అనదర్

కూరగాయలమ్మి తూకం అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయలు వేస్తుందే, ఆ కొసరు ఎక్స్‌ట్రా. మామూలుగా రావలసినదానికి పైన వచ్చింది. బిర్యానీతో ఇంకో గిన్నె మిర్చీ కా సాలన్ అడిగితే ఎక్స్‌ట్రా. అడిషనల్ అంటే అధికారికంగా కలిపిన అదనం. అడిషనల్ డాక్యుమెంట్స్, అడిషనల్ కలెక్టర్. ఒక అధికారి తన పని చూస్తూ ఇంకో సీటు కూడా చూస్తే అడిషనల్ చార్జ్. అక్కడ ఎక్స్‌ట్రా చార్జ్ అని రాశారనుకోండి, ఆయన ఎవరి దగ్గరో ఎక్కువ డబ్బు వసూలు చేశాడన్నట్టు ఉంటుంది.

మోర్‌తో మీకు ఇబ్బంది ఉండదు. అనదర్ తర్వాత ఏకవచనం, 'అనదర్ కాపీ'. అంకె ఉంటే మాత్రం బహువచనం ఒప్పుకుంటుంది, 'అనదర్ ఫైవ్ డేస్'. 'అనదర్ కాపీస్' మాత్రం లేదు, అక్కడ 'మోర్ కాపీస్'. ఉన్నవి కాక వేరే రకం కావాలంటే 'అదర్ కాపీస్'. ఫర్దర్‌లో సాగదీత ఉంటుంది. ఫర్దర్ డిలే అంటే ఇప్పటికే ఆలస్యమైంది, ఇంకా. 'అంటిల్ ఫర్దర్ నోటీస్' అన్న కాగితం తలుపుకి అంటించారంటే మళ్ళీ చెప్పేదాకా రావద్దని.

కాగితానికి కాగితం జోడించినప్పుడు

కవర్లో ఉత్తరంతో పాటు పెట్టేది ఎన్‌క్లోజర్. ఈమెయిల్‌కి తగిలించేది అటాచ్‌మెంట్. మెయిల్లో 'ప్లీజ్ ఫైండ్ ఎన్‌క్లోజ్డ్' అనే వాళ్ళు ఇంకా ఉన్నారు, అర్థమవుతుంది కానీ కవరు ఎక్కడుంది? ప్రభుత్వ ఉత్తర్వుకి వెనక జత చేసే జాబితాలు, ప్రొఫార్మాలు అనెక్షర్. పుస్తకం లేదా ప్రాజెక్ట్ రిపోర్ట్ చివర ఉండేది అపెండిక్స్. బీటెక్ పిల్లలు రిపోర్టులో అనెక్షర్ అంటారు, గైడు ఊరుకుంటే నేను కూడా ఊరుకుంటాను.

నోటిఫికేషన్లు చూసేవాళ్ళు రెండు మాటలు విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. అడెండం అంటే ముందు ఇచ్చినదానికి కొత్తగా కలిపింది, పాతది అలాగే ఉంది. కారిజెండం అంటే పాతదాంట్లో తప్పు దిద్దారు, కాబట్టి పాత ముక్క చెల్లదు. వెబ్‌సైట్లో అడెండం కనిపిస్తే అసలు నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని రెండూ చదవండి. కారిజెండం కనిపిస్తే పాత ప్రింటులో ఆ వరస కొట్టేసి, కొత్తది రాసుకోండి. పాత ప్రింటు తీసుకెళ్ళి అర్హత తేదీ చూసుకుని, నాకు అర్హత లేదనుకుని ఊరుకున్న వాళ్ళున్నారు.

సప్లిమెంటరీ అంటే లోటు పూడ్చడానికి వేసే అదనం. ఇంటర్ సప్లిమెంటరీ అందుకే, తప్పిన సబ్జెక్టుని పూడ్చుకోవడానికి.

యాడ్, యాడ్ టు, యాడ్ అప్, సమ్

క్రియ దగ్గర ముఖ్యమైనది యాడ్ తర్వాత వచ్చే చిన్న మాట. 'యాడ్ ద డెలివరీ చార్జ్ టు ద బిల్' అంటే బిల్లుకి కలుపు. వస్తువు లేకుండా నేరుగా 'యాడ్ టు' అంటే పెంచడం, 'ద రెయిన్ యాడెడ్ టు ద ట్రాఫిక్', వాన ట్రాఫిక్‌ని ఇంకా పెంచింది. 'యాడ్ అప్' అంటే వరసగా ఉన్న అంకెలన్నీ కూడటం. అదే మాట మనిషి చెప్పే సంగతికి వాడితే పొంతన కుదరడం. 'హిజ్ స్టోరీ డజంట్ యాడ్ అప్', వాడు చెప్పేదానికి లెక్క కుదరడం లేదు. 'యాడ్ అప్ టు' తర్వాత మొత్తం వస్తుంది. 'ద బిల్స్ యాడ్ అప్ టు 2,300.'

సమ్ అంటే కూడగా వచ్చిన మొత్తం, ఎక్సెల్లో ఆ పేరుతోనే ఫార్ములా ఉంది. 'ఎ సమ్ ఆఫ్ రుపీస్ 5,000' అన్నప్పుడు మాత్రం ఏమీ కూడలేదు, అంత సొమ్ము అని మాత్రమే. రసీదుల్లో ఈ వాడుకే. స్కూల్లో 'సమ్స్ చేశావా' అంటే తీసివేతలు, భాగహారాలు అన్నీ వస్తాయి. 'సమ్ అప్' అంటే అంకెలు కూడటం కంటే చెప్పినదాన్ని కుదించి చెప్పడమే ఎక్కువ. టోటల్ మీకు తెలిసిందే. బిల్లులో రెండు మూడు మొత్తాలుంటే విడివిడిగా సబ్‌టోటల్, అన్నీ కలిపి గ్రాండ్ టోటల్.

ఇక అడిషన్, ఎడిషన్. మన నోట్లో రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి చేతిలోనూ ఒకేలా పడతాయి. కలపడానికి మొదటి అక్షరం ఏ, తర్వాత రెండు డీలు. పుస్తకం కూర్పుకి మొదటి అక్షరం ఈ, తర్వాత ఒకటే డీ. 'ఐ వాంట్ ద లేటెస్ట్ అడిషన్ ఆఫ్ దిస్ బుక్' అని కోఠిలో పాత పుస్తకాల దగ్గర నోటితో అడిగితే సరైన పుస్తకమే చేతికిస్తారు. ఆర్డర్ ఫారంలో రాసేటప్పుడు మాత్రం ఈ అక్షరంతో మొదలుపెట్టండి. స్పెల్ చెక్ ఇక్కడ మిమ్మల్ని కాపాడదు, దానికి రెండూ సరైన మాటలే.